సైలెన్సర్ మార్చారా? చలాన్ మీద సెక్షన్ చదవండి

ప్రశ్న: నాకు 350 సీసీ బీఎస్-6 బండి ఉంది. ఆన్‌లైన్‌లో సైలెన్సర్ తెప్పించి, మెకానిక్ దగ్గరికి వెళ్లకుండా ఇంట్లో నేనే బిగించుకున్నాను. ‘రోడ్డు మీద నిశ్చింతగా వాడుకోవచ్చు’ అని అమ్మినవాళ్లు పేజీలో రాశారు. మొన్న ట్రాఫిక్ పోలీసులు ఆపి చలాన్ వేశారు, సైలెన్సర్ విప్పించి తీసుకెళ్లారు. నా బండికి నా డబ్బుతో పైపు మార్చుకుంటే నేరం ఎలా అవుతుంది? సైలెన్సర్ తిరిగి ఇస్తారా? (ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: ముందు మీ చలాన్ తీసి చూడండి. అందులో ఏ సెక్షన్ రాశారో మీరు ఉత్తరంలో చెప్పలేదు. మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది. సైలెన్సర్ విషయంలో పోలీసులు వాడే సెక్షన్లు ప్రధానంగా మూడు. ఒక్కోదానికి శిక్ష వేరు, రుజువు చేయాల్సిన విషయమూ వేరు.

వాటికన్నా ముందు అసలు సూత్రం చెప్పుకోవాలి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలకూ తయారీ కంపెనీ మొదట పేర్కొన్న వివరాలకూ తేడా వచ్చేలా యజమాని తన బండిని మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. కేరళ నుంచి వెళ్లిన కె. జయచంద్ర కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా సమర్థించింది. ఆ తీర్పు వచ్చాక ‘బండికి బోల్టు మార్చినా నేరమే’ అన్న ప్రచారం మొదలైంది. అది అతి. నిర్మాణంలో మార్పు చేసి, దానివల్ల బండి మౌలిక లక్షణం మారితేనే అది ‘మార్పు’ అవుతుందని అదే సెక్షన్ కింద వివరణ ఉంది. మీ ఆర్‌సీలో ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, రంగు, ఇంధనం లాంటివి ఉంటాయి కానీ సైలెన్సర్ ఏ కంపెనీదో ఉండదు. పాతది తుప్పు పట్టి చిల్లు పడితే, అంతే శబ్దం చేసే, అంతే పొగ వదిలే సైలెన్సర్ బయట కొని వేసుకున్నంత మాత్రాన 52 కిందికి రాదని నా అభిప్రాయం. అయితే ఇంత శ్రమపడి ఇంట్లో సైలెన్సర్ మార్చుకునేవాళ్లలో ‘అంతే శబ్దం’ కోసం మార్చుకునేవాళ్లు ఎందరుంటారు?

చిక్కంతా శబ్దం దగ్గరా పొగ దగ్గరా వస్తుంది. ఇంజిన్ నుంచి వెలువడే వాయువుల చప్పుడును వీలైనంత తగ్గించే పరికరం ప్రతి బండికీ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వ నిబంధన చెబుతోంది. పర్యావరణ పరిరక్షణ నిబంధనల్లోని శబ్ద ప్రమాణాలకు లోబడేలా బండిని తయారు చేయడమే కాదు, అలాగే ఉంచుకోవాలి కూడా. ‘ఉంచుకోవాలి’ అన్న చోట బాధ్యత కంపెనీ నుంచి యజమానికి మారుతుంది. 80 సీసీ దాటి 175 సీసీ వరకు ఉన్న ద్విచక్ర వాహనాలకు తయారీ దశలో పరిమితి 77 డెసిబెల్స్, 175 దాటితే 80. మీ 350కి వర్తించేది 80. వేగం పెంచుతూ వెళ్తున్న బండికి పక్కగా 7.5 మీటర్ల దూరంలో మైకు పెట్టి దీన్ని కొలుస్తారు. కాబట్టి పెరట్లో బండి స్టార్ట్ చేసి, ఫోన్ యాప్‌ను సైలెన్సర్ మూతి దగ్గర పెట్టి చూసుకున్న అంకెకు కోర్టులో విలువ ఉండదు. అది మీకు అనుకూలంగా వచ్చినా అంతే, వ్యతిరేకంగా వచ్చినా అంతే. ఇంకో సంగతి. డెసిబెల్ లెక్క మామూలు కూడికలా నడవదు. పది పెరిగితే శబ్ద శక్తి పది రెట్లవుతుంది, చెవికి దాదాపు రెట్టింపుగా వినిపిస్తుంది. 80కీ 90కీ తేడా కొంచెమే కదా అనుకోవద్దు.

బుల్లెట్ మెకానిక్‌ల దగ్గర పంజాబ్, ఇందోరి, గోల్డ్‌స్టార్, షార్ట్ బాటిల్ అని రకరకాల పేర్లతో సైలెన్సర్లు దొరుకుతాయి. పేరుతో చట్టానికి పని లేదు. లోపల చప్పుడును అణిచే ఏర్పాటు ఉందా, అది ప్రమాణానికి తగ్గట్టు పనిచేస్తోందా అన్నదే చూడాలి. ఖరీదైన విదేశీ రకాల మీద వృత్తంలో ‘ఇ’ అక్షరం, పక్కన ఒక అంకె ముద్రించి ఉంటాయి. అమ్మేవాళ్లు దాన్ని చూపించి ‘ఇది లీగల్ సార్’ అంటారు. అది ఐరోపా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి నిబంధనల ప్రకారం ఇచ్చే గుర్తు. ఆ పరస్పర గుర్తింపు ఒప్పందంలో భారత్ లేదు. సరుకు నాణ్యతకు అది సూచన కావచ్చు, కాకినాడ రోడ్డు మీద అనుమతి పత్రం మాత్రం కాదు. ‘రేస్ యూజ్ ఓన్లీ’ అని పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉంటే ఆ సైలెన్సర్ చోటు చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై లాంటి రేస్ ట్రాక్. అమ్మినవాళ్లు ముందే చేతులు దులుపుకున్నారని అర్థం చేసుకోండి.

ఇంట్లో బిగించుకునేవాళ్లు శబ్దం గురించే ఆలోచిస్తారు, పొగ సంగతి మర్చిపోతారు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ ఎగ్జాస్ట్‌లోనే ఉంటుంది. కొన్ని మోడళ్లలో అది ఇంజిన్ దగ్గరి బెండ్ పైపులో, కొన్నింట్లో సైలెన్సర్ డబ్బాలో ఉంటుంది. వెనక డబ్బా ఒక్కటే మార్చే స్లిప్-ఆన్ రకంలో కన్వర్టర్ మిగిలే అవకాశం ఉంది. బెండ్ పైపుతో సహా మొత్తం మారిస్తే పోతుంది. ఆక్సిజన్ సెన్సర్ విప్పి పక్కన పెట్టినా, దాన్ని మోసం చేసే చిన్న పరికరం తగిలించినా అంతే సంగతులు. అప్పుడు మీ చేతిలోని పొల్యూషన్ సర్టిఫికెట్ మార్చకముందు బండిది అవుతుంది, ఇప్పుడున్న బండిది కాదు. గడువు మిగిలి ఉన్నా అది మిమ్మల్ని కాపాడదు.

ఇక మోటారు వాహనాల చట్టంలోని ఆ మూడు సెక్షన్లు. 182ఎ(4): చట్టం అనుమతించని రీతిలో యజమాని బండిని మారిస్తే, విడిభాగాలు అమర్చుకోవడం సహా, ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఇది 2019 సవరణతో వచ్చింది. మీరే బిగించుకున్నారు కాబట్టి ‘మెకానిక్ చేశాడు, నాకు తెలియదు’ అనే మాట మీకు లేదు. 190(2): శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను మీరిన బండిని బహిరంగ ప్రదేశంలో నడిపినా, నడపనిచ్చినా మొదటిసారికి మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పైగా మూడు నెలలు లైసెన్స్‌కు అనర్హత. నడపనిచ్చినా అన్న మాట గమనించండి. స్నేహితుడు అడిగాడని తాళం ఇచ్చినవాడూ ఇందులోకి వస్తాడు. మూడోది 194ఎఫ్: వాయువులు సైలెన్సర్ గుండా కాకుండా పక్కదారిన పోయేలా కటౌట్ పెడితే మొదటిసారి 1,000, ఆ తర్వాత 2,000.

శబ్దం కొలిచే మీటరు లేకుండా చలాన్ ఎలా వేస్తారని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 190(2) కింద కేసు అయితే ప్రమాణం మీరిందని చూపించాల్సింది ప్రాసిక్యూషన్. ‘పెద్ద శబ్దం వచ్చింది’ అన్న ఒక్క మాట సరిపోదని కోర్టులో వాదించవచ్చు. కటౌట్‌కు మాత్రం మీటరు అక్కర్లేదు, కళ్లతో చూస్తే చాలు. లోపలి జాలీ, చప్పుడును అణిచే డీబీ కిల్లర్ తీసేసి ఉంటే మీ వాదనలో బలం పోతుంది. సైలెన్సరే మీకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతుంది.

చలాన్ కట్టేస్తే కోర్టుకు వెళ్లే పని ఉండదు. దీన్నే కాంపౌండింగ్ అంటారు. ఆ మొత్తాలను 200వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వాలు నిర్ణయిస్తాయి కాబట్టి ఆంధ్రలో ఒకలా, తెలంగాణలో ఇంకోలా ఉండవచ్చు. కానీ ఆ సెక్షన్‌లో చాలామంది చదవని ఒక షరతు ఉంది. కాంపౌండ్ చేసుకున్నా, అదే నేరం మళ్లీ చేస్తే ఇప్పటిది మొదటి నేరంగానే లెక్కకు వస్తుంది. తప్పు చేయలేదని మీకు నిజంగా నమ్మకం ఉంటే కట్టకుండా మెజిస్ట్రేట్ ముందు వాదించే హక్కు ఉంది. తప్పు జరిగిందని తెలిసి కూడా పంతానికి కోర్టు చుట్టూ తిరగమని నేను సలహా ఇవ్వను.

సైలెన్సర్ విప్పుకెళ్లడం గురించి. విశాఖలో, హైదరాబాద్‌లో పట్టుకున్న సైలెన్సర్లను వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించే దృశ్యాలు టీవీలో చూసే ఉంటారు. చూడటానికి బాగానే ఉంటుంది. చట్టం ప్రకారం చూస్తే ప్రశ్నలు మిగులుతాయి. మోటారు వాహనాల చట్టంలో 206వ సెక్షన్ పత్రాలను స్వాధీనం చేసుకోవడం గురించి, 207 బండిని నిలిపేయడం గురించి చెబుతాయి. 207 వర్తించేది లైసెన్స్, వయసు, రిజిస్ట్రేషన్, పర్మిట్ ఉల్లంఘనలకే. ఆ రెండింటిలోనూ విడిభాగం ప్రస్తావన లేదు. నేరానికి సంబంధించినదన్న అనుమానంతో వస్తువును స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 106వ సెక్షన్ కింద ఉంది. అలా తీసుకుంటే మెజిస్ట్రేట్‌కు తెలియజేయాలి, ఆ వస్తువును ఏం చేయాలో చెప్పాల్సింది కూడా మెజిస్ట్రేటే. కోర్టు ఉత్తర్వు లేకుండా ఒకరి సొత్తును ధ్వంసం చేయడం సరికాదని నేను నమ్ముతాను. అందుకే అక్కడికక్కడే రసీదు అడగండి. ఇవ్వకపోతే తేదీ, చోటు, చలాన్ నంబరు రాసి స్టేషన్‌లో అర్జీ ఇచ్చి, ఒక ప్రతి మీద ముద్ర వేయించుకోండి. స్వాధీనం చేసుకున్నట్టు కోర్టుకు చేరితే అదే సంహిత 503వ సెక్షన్ కింద తిరిగి ఇవ్వమని అడగవచ్చు. ఇచ్చినా మళ్లీ బండికి తగిలించడానికి కాదు సుమా. కంపెనీ సైలెన్సర్ దాచి ఉంచారు కదా? పాత ఇనుము వాడికి వేసేసినవాళ్ల అవస్థ చూశాను కాబట్టి అడుగుతున్నాను.

 

ఇన్సూరెన్స్ గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. మీ బండి వల్ల ఎవరికైనా ప్రాణహాని జరిగితే, థర్డ్ పార్టీ పరిహారం ఎగ్గొట్టడానికి కంపెనీకి చట్టం లెక్కపెట్టి కొన్ని కారణాలే ఇచ్చింది. సైలెన్సర్ మార్చడం వాటిలో లేదు. మీ సొంత బండి డ్యామేజీ క్లెయిమ్ దగ్గర మాత్రం ‘మాకు చెప్పకుండా మార్చారు’ అన్న అభ్యంతరం రావచ్చు. ప్రమాదానికీ పైపుకూ సంబంధమే లేదనుకుంటే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయండి, ఆ కార్యాలయం రెండు రాష్ట్రాలకూ వర్తిస్తుంది.

ఇంట్లో పదిహేడేళ్ల కుర్రాడు ఆ బండి మీద వీధులు తిరుగుతుంటే కథ మారిపోతుంది. మైనరు చేసిన ట్రాఫిక్ నేరానికి 199ఎ కింద తల్లిదండ్రులు లేదా యజమాని దోషి అవుతారు. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు. కుర్రాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఉండదు.

చివరగా మీకు అమ్మినవాళ్ల సంగతి. ‘రోడ్డు మీద వాడుకోవచ్చు’ అని రాసి అమ్మింది నిజం కాకపోతే అది 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార విధానమే. ఆ పేజీ ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, రేపటికి మారిపోవచ్చు. బిల్లు, కొరియర్ పెట్టె, పెట్టె మీది ముద్ర, చలాన్ ప్రతి జాగ్రత్త చేయండి. ముందు వాళ్లకు రాతపూర్వకంగా డబ్బు వాపసు అడగండి. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అప్పటికీ తేలకపోతే వాళ్ల ఆఫీసు ఎక్కడున్నా మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. వస్తువు విలువ ఐదు లక్షల లోపయితే ఫీజు లేదు, గడువు రెండేళ్లు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. సైలెన్సర్ ధరతో పాటు చలాన్ సొమ్ము కూడా అడగండి. మొదటిది వచ్చే అవకాశం బాగానే ఉంది. రెండోది కష్టం, పెట్టె మీది చిన్న అక్షరాలు చదవకుండా బిగించింది మీరే కదా అని వాళ్ల లాయరు తప్పకుండా అంటాడు.