జీవాలకు నట్టల మందు – మోతాదు లెక్క



మన హాస్టల్లో చదివే చాలామంది ఇళ్లల్లో నాలుగు గొర్రెలో, మేకలో ఉంటాయి. ఫీజు కట్టాలన్నా, దవాఖానకు పోవాలన్నా మొదట అమ్మేది ఆ జీవాన్నే. మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటివాళ్లం మేమే. మా పుస్తకాల ఖర్చులోనూ జీవాల పైసలున్నాయి. అందుకే జంతుశాస్త్రంలో పీజీ చదువుతూ నేర్చుకున్న ఒక చిన్న లెక్కను మీతో పంచుకుంటున్నాము.

నట్టలు ఏం చేస్తాయి?

వానలు పడ్డాక దుందుభి వాగు ఒడ్డున, చెరువు పక్కన పచ్చగడ్డి మొలుస్తుంది. ఆ గడ్డితోపాటు నట్టల పిల్లలు జీవాల కడుపులోకి పోతాయి. వీటిలో ముఖ్యమైనది హీమాంకస్. ఇది రక్తం పీలుస్తుంది. ఒక ఆడ నట్ట రోజుకు 5,000 నుంచి 10,000 గుడ్లు పెడుతుంది. జీవం కనురెప్ప లోపల తెల్లబడుతుంది, దవడ కింద నీరు దిగుతుంది, చివరికి చనిపోతుంది. నీటి గుంటల దగ్గరి నత్తల వల్ల వచ్చే జలగ వ్యాధి వేరు. అది కాలేయాన్ని పాడుచేస్తుంది. రెండింటికీ ఒకే మందు, ఒకే మోతాదు అనుకోరాదు.

లెక్క ఎట్లా చేయాలి?

మందు (మి.లీ.) = బరువు (కిలోలు) × కిలోకు మోతాదు (మి.గ్రా.) ÷ ఒక మి.లీ.లో ఉన్న మందు (మి.గ్రా.)

సీసా మీద 2.5 శాతం అని ఉంటే 100 మి.లీ.లో 2.5 గ్రాములు, అంటే 2,500 మి.గ్రా. కాబట్టి 1 మి.లీ.లో 25 మి.గ్రా. శాతాన్ని 10తో గుణిస్తే చాలు.

ఉదాహరణ: గొర్రె బరువు 30 కిలోలు. ఆల్బెండజోల్ కిలోకు 7.5 మి.గ్రా. 30 × 7.5 = 225. 225 ÷ 25 = 9 మి.లీ.

కాంటా లేకపోతే?

టేపుతో ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలత, భుజం నుంచి తుంటి ఎముక చివరి దాకా పొడవు అంగుళాల్లో కొలవాలి. చుట్టుకొలత × చుట్టుకొలత × పొడవు ÷ 660 = సుమారు బరువు కిలోల్లో. చుట్టుకొలత 30, పొడవు 24 అయితే 21,600 ÷ 660 = దాదాపు 33 కిలోలు.

సగటు ఎందుకు పనికిరాదు?

మందలో సగటు 25 కిలోలని అన్నింటికీ 7.5 మి.లీ. తాపారనుకుందాం. 36 కిలోల పొట్టేలుకు అందేది 187.5 ÷ 36, అంటే కిలోకు 5.2 మి.గ్రా. మాత్రమే. చావకుండా మిగిలిన గట్టి నట్టలే గుడ్లు పెడతాయి. ఏటా ఇట్లా జరిగితే ఆ మందు ఇక పనిచేయదు. మందను చిన్నవి, పెద్దవి అని విడదీసి, ఒక్కో గుంపులో అన్నిటికంటే బరువైన దాన్ని బట్టి మోతాదు కట్టాలి. సీసా మూతతో కాక, సిరంజితో కొలవాలి.

జాగ్రత్తలు

1. చూలు మొదటి నెలలో ఆల్బెండజోల్ ఇవ్వరాదు.
2. తాపేటప్పుడు తల మరీ పైకెత్తరాదు. మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది.
3. మేకకు గొర్రె మోతాదు చాలకపోవచ్చు. పశువైద్యుణ్ణి అడగాలి.
4. లేబుల్ మీది గడువు దాటేదాకా మాంసం, పాలు వాడరాదు.

మీరే చేయండి

ఐవర్‌మెక్టిన్ కనుగొన్నందుకు 2015లో విలియం క్యాంప్‌బెల్, సతోషి ఒమురాలకు నోబెల్ బహుమతి వచ్చింది. దాని ఇంజెక్షన్ 1 శాతం ఉంటుంది, మోతాదు కిలోకు 0.2 మి.గ్రా. 25 కిలోల గొర్రెకు ఎంత?

జవాబు: 5 ÷ 10 = 0.5 మి.లీ. చుక్క మరిచి 5 అని రాస్తే పది రెట్లు!

తమ్ముళ్లారా, ఇది ఏడో తరగతి లెక్కే. పరీక్షలో తప్పితే ఒక మార్కు పోతుంది, ఇక్కడ తప్పితే ఒక జీవం పోతుంది. ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు సీసా మీది అక్షరాలు మీరే చదివి, మీ నాయనకు లెక్క చేసి చెప్పండి.