చెప్పులకు అర – బట్టలకు దండెం

చదవండి

ఇది మా వీధి అక్క ఇంట్లో జరిగిన సంగతి. ఆ అక్క మా రాత్రి బడికి వస్తుంది.

వానాకాలం. పొద్దున్నే పిల్లవాడు బడికి తయారయ్యాడు. వసారాలో చెప్పులు, బూట్లు కుప్పగా పడి ఉన్నాయి. వాడు బూటులో కాలు పెట్టాడు. కెవ్వుమని అరిచాడు. బూటులోంచి తేలు బయటికొచ్చింది.

"మంత్రం వేయిద్దామే" అంది అత్త.

"మంత్రం కాదత్తా. ముందు ఆసుపత్రి" అంది అక్క. పిల్లవాణ్ణి చంకనేసుకుని బస్సెక్కింది. అప్పటికే వాడికి చెమటలు పట్టాయి. వాంతి అయింది. డాక్టరు వెంటనే మందు ఇచ్చారు. ఆ రాత్రి అక్కడే ఉంచారు. పిల్లవాడు కోలుకున్నాడు.

తేలు పగలు చీకటి చోట దాక్కుంటుంది. కుప్పగా పోసిన చెప్పులు, కదపని బూట్లు, నేల మీద పడేసిన బట్టలు దానికి మంచి చోట్లు.

ఆదివారం అక్క నా దగ్గరికి వచ్చింది.

"తమ్ముడూ, చెప్పులు పెట్టడానికి ఒక అర చేద్దాం. కొలతలు నువ్వు చెప్పు" అంది.

"టేపు ఇదిగో. నువ్వే చదవక్కా. నేను రంపం పడతాను" అన్నాను.

అక్క కొలిచింది. పెద్దవాళ్ళ చెప్పు పొడవు సుమారు 10 అంగుళాలు. ఒక జత పక్కపక్కన పెడితే వెడల్పు సుమారు 8 అంగుళాలు. మూడు జతలకు 24 అంగుళాలు. కాస్త ఖాళీ ఉంచితే 30 అంగుళాలు. ఇంట్లో మొత్తం 8 జతలు. కాబట్టి మూడు వరసలు చాలు.

కావలసినవి

1. పక్క పలకలు 2. ఒక్కొక్కటి 24 అంగుళాల ఎత్తు, 10 అంగుళాల వెడల్పు, అంగుళం మందం.
2. రీపర్లు 9. ఒక్కొక్కటి 30 అంగుళాలు. అంటే రెండున్నర అడుగులు. 2 అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం.
3. దన్ను ముక్కలు 6. అదే రీపరులోంచి 10 అంగుళాల చొప్పున.
4. వెనక ఏటవాలుగా కొట్టడానికి మూడున్నర అడుగుల రీపరు 1.
5. ఒకటిన్నర అంగుళం మేకులు, సుత్తి, రంపం, గరుకు కాగితం.

రీపరు ఎంత కావాలో అక్క చీటీ మీద లెక్క వేసింది.

9 రీపర్లకు – ఇరవై రెండున్నర అడుగులు
6 దన్ను ముక్కలకు – 60 అంగుళాలు, అంటే 5 అడుగులు
ఏటవాలు ముక్కకు – మూడున్నర అడుగులు
మొత్తం – 31 అడుగులు

టింబరు డిపోలో "40 అడుగులు పడుతుందమ్మా" అన్నారు. అక్క చీటీ తీసి చూపించింది. ఆయన చీటీ చూశాడు. మళ్ళీ లెక్క వేశాడు. "నీ లెక్కే సరి" అన్నాడు. కోతలో పోయేది కలుపుకుని అక్క 33 అడుగులు తెచ్చింది.

ఇలా చేయండి

పక్క పలక మీద అడుగు నుంచి 4, 12, 20 అంగుళాల దగ్గర గీతలు గీయండి. రెండో పలక మీద కూడా అలాగే గీయండి. రెండు పలకలూ పక్కపక్కన పెట్టి చూడండి. గీతలు కలవాలి. కలవకపోతే అర వంకరగా వస్తుంది.

ప్రతి గీత కింద ఒక దన్ను ముక్క నిలువుగా ఆనించి, రెండు మేకులు కొట్టండి. మేకు మొనను ముందు సుత్తితో కాస్త మొద్దు చేయండి. అప్పుడు చెక్క చీలదు.

ఇప్పుడు పలకలు ఎదురెదురుగా నిలబెట్టండి. ఒక మనిషి పట్టుకోవాలి. దన్ను ముక్కల మీద వరసకు మూడు రీపర్లు పరిచి, రెండు చివరలా మేకులు కొట్టండి. రీపరుకూ రీపరుకూ మధ్య 2 అంగుళాల సందు ఉంచండి. దుమ్ము కిందికి రాలిపోతుంది. గాలి ఆడుతుంది. తడి చెప్పులు ఆరతాయి.

వెనక ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఏటవాలు రీపరు కొట్టండి. మిగిలిన కొస కోసేయండి. ఇది లేకపోతే అర ఊగుతుంది. చివరికి గరుకు కాగితంతో రుద్దండి. పేడులు గుచ్చుకోవు. అరను మట్టి నేల మీద కాక రాళ్ళ మీద నిలపండి. చెద త్వరగా పట్టదు. అడుగున ఖాళీ ఉంది కాబట్టి చీపురు కూడా దూరుతుంది.

దండెం

చెప్పుల అర వసారాలో ఉంటుంది. దండెం గదిలో ఉండాలి. 4 అడుగుల గట్టి వెదురు కర్ర తీసుకోండి. కణుపులు నున్నగా చెక్కండి. దూలానికి రెండు తాళ్ళు కట్టి, కర్రను నేల నుంచి ఐదున్నర అడుగుల ఎత్తున వేలాడదీయండి. గోడకు అడుగు దూరం ఉండాలి. అప్పుడు హ్యాంగర్లు గోడకు తగలవు.

బట్టలు వేసే ముందు 10 లీటర్ల నీళ్ళ బకెట్టు కర్ర నడుమ తగిలించి చూడండి. లీటరు నీళ్ళు కిలో బరువు. అంటే 10 కిలోలు. కింద ఎవరూ నిలబడకూడదు. కర్ర వంగినా, ముడి జారినా సరిచేయండి.

ఇనుప తీగను దండెంగా కట్టొద్దు. ఎక్కడైనా కరెంటు తీగ పైపూత ఊడి దానికి తగిలితే దండెమంతా కరెంటు పారుతుంది. తడి బట్ట వేసే మనిషి ప్రాణం పోతుంది. ఎవరికైనా కరెంటు పట్టుకుంటే ఒంటిని ముట్టుకోవద్దు. ముందు మెయిను ఆపండి.

గుర్తుంచుకోండి

అర ఉన్నా సరే, బూట్లు వేసుకునే ముందు బోర్లించి దులపాలి. తేలు కుడితే కోయొద్దు, గట్టిగా కట్టు కట్టొద్దు. పిల్లలనైతే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇప్పుడు అక్క కొడుకు రోజూ బూట్లు తనే అరలో పెడతాడు. పొద్దున్నే దులిపి వేసుకుంటాడు. వాళ్ళ నాయనమ్మ కూడా "దులిపావా?" అని అడుగుతుంది.

మీరే చేయండి

1. మీ ఇంట్లో ఎన్ని జతల చెప్పులున్నాయి? వరసకు మూడు చొప్పున ఎన్ని వరసలు కావాలి?
2. రెండు వరసల అరకు 30 అంగుళాల రీపర్లు ఎన్ని కావాలి? అవి ఎన్ని అడుగులు?
3. మీ ఇంటి దండెం దేనితో కట్టారు? దగ్గరలో కరెంటు తీగ ఉందా? ఈ రోజే చూడండి.