చీకట్లో 11 నిమిషాలు

ఫోన్ ముట్టుకోకుండా, వరుసగా 11 నిమిషాలు ఒకే పని చేసి ఎన్నాళ్లయింది? నిజం చెప్పండి. స్నానం లెక్కలోకి రాదు. ఇప్పుడు కొందరు అక్కడికీ ఫోన్ పట్టుకెళ్తున్నారు.

మీ ఫోకస్‌నీ, ఓపికనీ, ప్లానింగ్‌నీ ఒకేసారి దారికి తెచ్చే హాబీ ఒకటి చెప్తాను. 4×5 అంగుళాల బ్లాక్ అండ్ వైట్ షీట్ ఫిల్మ్‌ని మీ బాత్రూంలోనే, మీ చేత్తోనే డెవలప్ చేయడం.

రోల్ కాదు, షీట్. ఒక ఫొటోకి ఒక షీట్. నాలుగు షీట్లు పక్కపక్కన పేరిస్తే 8×10 అంగుళాలు. 36 ఫొటోల రోల్ మొత్తం పరిచినా ఇంచుమించు అంతే జాగా. అంటే అదే ఫిల్మ్ మీద 36 ఛాన్సులకు బదులు మీకు నాలుగే ఉన్నాయి. నాలుగే ఉన్నప్పుడు మనిషి ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. సినిమాల్లో డార్క్‌రూం అనగానే ఎర్ర లైటు చూపిస్తారు. అది ప్రింట్లు వేసేటప్పటి సంగతి. ఇల్ఫర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్, హెచ్‌పీ5 ప్లస్ లాంటి ఫిల్మ్‌లకు ఎరుపు కూడా కనిపిస్తుంది. ఎర్ర లైటు వేస్తే ఫిల్మ్ మసిబారుతుంది. కాబట్టి పూర్తి చీకటి కావాలి. మీ చెయ్యి మీకే కనబడకూడదు.

ఇక నా ఘనకార్యం వినండి. మొదటిసారి నేను నాలుగు షీట్లూ పాడు చేశాను. చీకట్లో ఎడమేదో కుడేదో తారుమారై, డెవలపర్ అనుకుని ఫిక్సర్ ట్రేలో ముంచాను. శ్రద్ధగా నిమిషాలు లెక్కపెట్టాను కూడా! లైటు వేసి చూస్తే నాలుగూ ఖాళీ. వాటిలోంచి గోడ టైల్స్ స్పష్టంగా కనిపిస్తున్నాయి. డెవలప్ కాని వెండి లవణాలను కరిగించడం ఫిక్సర్ డ్యూటీ. అది తన డ్యూటీ చక్కగా చేసింది. తప్పు నాది.

నాకు టాలెంట్ లేక అలా జరిగిందా? కాదు. రిహార్సల్ లేక జరిగింది. ఈ రెండింటికీ తేడా తెలియకే చాలామంది మంచి పనులు మధ్యలో వదిలేస్తారు.

అందుకే మీరు ఇలా మొదలుపెట్టండి. ఒక షీట్ వృథా అయినా పర్లేదనుకుని పక్కన పెట్టండి. ట్రేల్లో కెమికల్స్ వద్దు, మామూలు నీళ్లు పోయండి.

1. లైటు వేసుకుని, కళ్లు తెరిచి, షీట్‌ని ట్రే నుంచి ట్రేకి మార్చడం ఐదుసార్లు చేయండి.
2. లైటు ఉండగానే కళ్లు మూసుకుని పదిసార్లు చేయండి.
3. లైటు తీసేసి మళ్లీ పదిసార్లు.

మూడో మెట్టులో మీకే తెలుస్తుంది, చేతులకు వేరే జ్ఞాపకం ఉందని. షీట్ ఒక మూల చిన్న గాట్లు ఉంటాయి. షీట్‌ని నిలువుగా పట్టుకుని ఆ గాట్లు పై అంచున కుడివైపు వచ్చేలా తిప్పితే, ఎమల్షన్, అంటే వెండి లవణాల పూత, మీ వైపు ఉన్నట్టు. కళ్లతో చూస్తే మర్చిపోతారు, వేలితో తడిమితే మర్చిపోరు.

చీకటి సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? బాత్రూంలో లైటు తీసేసి ఐదు నిమిషాలు ఊరికే నిలబడండి. అప్పుడు బయటపడతాయి దొంగ వెలుగులన్నీ. గీజర్ మీద ఎర్ర చుక్క. తలుపు కింద సందు. వెంటిలేటర్లోంచి పక్కింటి ట్యూబ్‌లైటు. మీ చేతికున్న స్మార్ట్‌వాచ్! టేపు, తువ్వాలు, నల్ల చార్టు పెట్టి అన్నీ మూసేయండి. రాత్రి పది దాటాక చేస్తే సగం పని తగ్గుతుంది.

ట్రేలు ఎప్పుడూ ఒకే వరుసలో ఉండాలి. ఎడమ నుంచి కుడికి నీళ్లు, డెవలపర్, స్టాప్ బాత్, ఫిక్సర్. నేనిప్పుడు ఫిక్సర్ ట్రే అంచుకి బట్టల క్లిప్పు తగిలిస్తున్నాను. స్టాప్ బాత్ వెనిగర్ వాసనతో తన ఉనికి తనే చెప్తుంది. ఈ ట్రేలు మళ్లీ వంటగదిలోకి వెళ్లకూడదు. చేతులకు నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. డెవలపర్‌లో ఉండే మెటాల్ కొందరి చర్మానికి పడదు.

ఇప్పుడు అసలు 11 నిమిషాలు. ఎఫ్‌పీ4 ప్లస్‌ని ఐడీ-11 డెవలపర్‌లో, సమానంగా నీళ్లు కలిపి, 20 డిగ్రీల దగ్గర డెవలప్ చేయడానికి పట్టే టైమ్ ఇది. నాలుగు షీట్లనీ ఒక్కొక్కటిగా నీళ్లలోకి జార్చండి. ఒకేసారి వేస్తే అతుక్కుపోతాయి. తర్వాత డెవలపర్‌లోకి. అక్కడి నుంచి ఒకటే పని. అడుగు షీట్‌ని మెల్లగా లాగి, పైకి తెచ్చి, మెత్తగా కిందికి నొక్కాలి. మళ్లీ అడుగుది. మళ్లీ అడుగుది. మొదటి షీట్‌ని మిగతా మూడింటికి తలకిందులుగా పెట్టుకోండి. గాట్లు అవతలి కొసన తగిలాయంటే ఒక రౌండ్ పూర్తయినట్టు. తొందరపడితే ఒక షీట్ మూల ఇంకో షీట్ ఎమల్షన్‌ని గీరేస్తుంది. ఆ గీత పోదు.

టైమర్ మాటేమిటంటారా? మీ గొంతుతోనే అర నిమిషానికోసారి టైమ్ చెప్తూ రికార్డ్ చేసుకోండి. ఫోన్‌ని తలుపు బయట పెట్టి ప్లే చేయండి. ఆ 11 నిమిషాలూ ఫోన్ బయట, మీరు లోపల. ఈ ఏర్పాటు నాకు భలే నచ్చింది.

20 డిగ్రీలు అన్నాను కదా, మే నెలలో హైదరాబాద్ ట్యాంకు నీళ్లు పట్టి చూడండి. టీ పెట్టుకోవచ్చు! తిట్టుకుంటూ కూర్చోకండి, పరిష్కారం ఫ్రిజ్‌లో ఉంది. ఐసు ముక్కల్ని జిప్ కవర్లో కట్టి, ట్రే కింద ఉన్న పెద్ద టబ్బు నీళ్లలో వేయండి. డెవలపర్‌లో మాత్రం వేయకండి. థర్మామీటర్ 20 చూపించేదాకా ఆగండి. కాస్త ఎక్కువ వేడిలో చేయాలంటే టైమ్ తగ్గుతుంది, దానికి కంపెనీ చార్ట్ ఉంటుంది. ఊహతో చేయొద్దు.

స్టాప్ బాత్‌లో అర నిమిషం. ఫిక్సర్‌లో ఐదు నిమిషాలు. ఇక లైటు వేయొచ్చు. బాగా కడిగాక చివరి ముంచుడుకి బోరు నీళ్లు వద్దు, ఉప్పు మరకలు పడతాయి. ఇన్వర్టర్ బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ చాలు. మూలకి క్లిప్పు పెట్టి వేలాడదీయండి. ఫ్యాను వేయాలనిపిస్తుంది. వేయకండి. దుమ్మంతా దాని మీదే వాలుతుంది.

ఆరిన నెగెటివ్‌ని న్యూస్‌పేపర్ మీద పెట్టండి. బాగా నల్లగా ఉన్న చోటు నుంచి కింది అక్షరాలు కష్టమ్మీద చదవగలిగితే మీరు పాసైనట్టే. అసలు చదవలేకపోతే ఈసారి 11 బదులు తొమ్మిదిన్నర నిమిషాలు చేయండి. నీడలున్న చోట ఏమీ లేకుండా ఖాళీగా ఉంటే డెవలపర్‌ని అనకండి, కెమెరా దగ్గర వెలుగు తక్కువిచ్చారు. ఏదైనా సరే, ఒకసారికి ఒక్కటే మార్చండి. టైమ్, వేడి, డెవలపర్ మూడూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో దేవుడికే తెలియాలి.

ప్రతి షీట్‌కీ నోట్‌బుక్‌లో ఒక లైను రాయండి. తేదీ, ఫిల్మ్, వేడి, టైమ్, ఫలితం. ఇది చిన్న విషయం అనుకుంటున్నారా?

అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ అనే మహా ఫొటోగ్రాఫర్ ఉండేవారు. న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ అనే పల్లె దగ్గర, పొద్దు గూట్లో పడుతుండగా చంద్రోదయం ఆయన కంటపడింది. 8×10 కెమెరా హడావిడిగా నిలబెట్టారు. లైట్ మీటర్ దొరకలేదు. చంద్రుడి వెలుగు చదరపు అడుగుకి 250 కాండిల్స్ అని బుర్రలో ఉంది. దాంతోనే లెక్కకట్టి ఒక్క షీట్ తీశారు. రెండోది తీసేలోపు పల్లె శ్మశానంలోని శిలువల మీద ఎండ పోయింది. ఆ ఒక్క షీట్‌నీ డెవలపర్లో కాసేపు, కదపకుండా నీళ్లలో కాసేపు మార్చి మార్చి ఉంచి డెవలప్ చేశారు. ఎండపొడ మరీ ముదిరిపోకుండా, నీడలు నిదానంగా పైకి రావడానికి ఆ పద్ధతి. రోల్‌లో ఒక ఫొటోకి మాత్రమే అలా చేయడం కుదరదు, షీట్‌కి కుదురుతుంది.

అంతటి మనిషీ తేదీ రాసుకోలేదు. తర్వాత వేర్వేరు చోట్ల వేర్వేరు సంవత్సరాలు చెప్పారు. చివరికి ఫొటోలో చంద్రుడున్న చోటుని బట్టి ఖగోళశాస్త్రం తెలిసినవాళ్లు లెక్కగట్టి, 1941 నవంబర్ 1 అని తేల్చారు. మీ ఫొటోల కోసం ఎవరూ అంత కష్టపడరు. మీరే రాసుకోండి.

ఈ ఆదివారం రాత్రికి పెట్టుకుందామా? రిహార్సల్‌కి రెండు రోజులు చాలు. వాడేసిన ఫిక్సర్‌లో వెండి ఉంటుంది, మొక్కల్లో పోయకుండా క్యాన్‌లో దాచండి. ఇంకో పని. గోళ్లు తీసుకోండి, ఫిల్మ్‌ని మొదట గీరేది అవే. శుక్ర, శనివారాల్లో తీయకూడదని అమ్మమ్మ అంటే గురువారమే కానివ్వండి.