అణు ఇంధన పరిశ్రమలో నాణ్యతా ఇంజనీరు

హైదరాబాదు శివార్లలోని అణు ఇంధన సముదాయంలో తయారయ్యే ఇంధనపు కట్ట చూపులకు సామాన్యమైన వస్తువు. పొడవు సుమారు అర మీటరు. 19 సన్నని కడ్డీలను వలయాలుగా పేర్చి, రెండు చివరల పలకలతో అతికిన కట్ట అది. లోపల సుమారు 15 కిలోల యురేనియం ఆక్సైడు గుళికలుంటాయి. కొత్త కట్టను తొడుగులు వేసుకొని చేతులతో ఎత్తవచ్చు. రియాక్టరులో పనిచేసి బయటకు వచ్చిన తరువాత అదే కట్ట దరిదాపులకు మనిషి పోరాదు. లోతైన నీటి అడుగున వుంచి, దూరంనుంచి యంత్రాలతో కదిలించవలసిందే. కుట్టుమిషను చెడితే అంగడికి తిరిగి పంపవచ్చు. ఈ వస్తువును వాపసు చేసే వీలు లేదు. ఇక్కడి నాణ్యతా ఇంజనీరు వృత్తిధర్మమంతా ఈ ఒక్క విషయంనుంచి పుట్టినది.

1971లో ఏర్పడిన ఈ సముదాయానికి ముడిపదార్థాలు దేశం నలుమూలలనుంచి వస్తాయి. జార్ఖండ్‌లోని జాదుగూడ, మన కడప జిల్లాలోని తుమ్మలపల్లె యురేనియం నిస్తున్నాయి. కేరళ, తమిళనాడు, ఒడిశా తీరాల ఇసుకలో జిర్కాన్ లభిస్తుంది. తయారైన కట్టలు రావత్‌భాటా, నరోరా, కాక్రాపార్, కైగా, కల్పాక్కం రియాక్టర్లకు వెళతాయి. ఇన్ని చోట్ల పనిచేసేవారు ఒకరి మాటను మరొకరు నమ్మవలసి వున్నది. ఆ నమ్మకానికి ఆధారం కొలతలు, వాటి దాఖలాలు.

పరీక్ష ముడిసరుకుతోనే మొదలవుతుంది. జిర్కాన్‌లో జిర్కోనియంతోపాటు సుమారు నూటికి రెండు పాళ్ళు హాఫ్నియం కలిసివుంటుంది. రసాయన గుణాలలో ఈ రెండు లోహాలూ కవలపిల్లలు. న్యూట్రాన్ల విషయంలో మాత్రం బద్ధ విరోధులు. జిర్కోనియం వాటిని పోనిస్తుంది, హాఫ్నియం మింగివేస్తుంది. కనుక పది లక్షల పాళ్ళలో హాఫ్నియం 100 పాళ్ళు మించకుండా వేరుచేయాలి. ఈ తేడా కంటికి కనిపించేది కాదు. ప్రయోగశాల చెప్పిందే ప్రమాణం.

ఇక లెక్కలోకి వద్దాం. 220 మెగావాట్ల రియాక్టరులో 306 ఇంధన నాళాలు, ఒక్కొక్క నాళంలో 12 కట్టలు. మొత్తం 3,672 కట్టలు, అనగా 69,768 కడ్డీలు. ప్రతి కడ్డీకి రెండు చివరల మూతలుంటాయి; ఆ మూతల అతుకులు 1,39,536. వెయ్యింటికి ఒక్కటి మాత్రమే లోపమున్నా సుమారు 140 అతుకులు కారుతాయి. మరే పరిశ్రమలోనైనా వెయ్యింటికి ఒకటి అంటే మెచ్చుకొంటారు.

అన్నం ఉడికినదో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మన ఇళ్ళలో అంటారు. నమూనా పరీక్ష సిద్ధాంతం ఇంతకన్న క్లుప్తంగా చెప్పడం కష్టం. అయితే ఒకే కుండలో, ఒకే మంట మీద ఉడికిన మెతుకులకే ఇది వర్తిస్తుంది. నూటికి ఒక గొట్టం పగిలివున్న రాశినుంచి పది గొట్టాలు తీసి చూశామనుకొందాం. పదీ మంచివే చేతికి వచ్చే అవకాశం నూటికి 90 పాళ్ళు! అందుచేత గొట్టాలను నమూనాకు వదలరు, ఒక్కొక్కటిగా పరీక్షిస్తారు.

ఈ గొట్టాలు జిర్కలాయ్ అనే మిశ్రలోహంతో చేసినవి. గోడ మందం సుమారు 0.4 మిల్లీమీటరు. నీటిలో తిప్పుతూ వాటి గుండా అతిధ్వని తరంగాలను పంపితే పగులున్న చోట తరంగం తిరిగివస్తుంది. మరి ఆ యంత్రం సరిగా వింటున్నదని ఎవరు చెప్పాలి? ఇందుకోసం ఒక గొట్టంపై కావాలనే, తెలిసిన లోతున సన్నని గాట్లు పెట్టి ప్రమాణంగా వుంచుకొంటారు. పని ప్రారంభించేముందు, మధ్యమధ్య దానిని యంత్రంలో పెట్టి చూస్తారు. యంత్రం ఆ గాటును పసిగట్టలేకపోతే, కిందటిసారి సరిగా పలికిన క్షణంనుంచి ఇప్పటివరకు పరీక్షించిన గొట్టాలన్నీ మళ్ళీ మొదటికి రావలసిందే. పూటంతా చేసిన పని వృథా అయిందని ఉత్పత్తి విభాగంవారు విసుక్కొంటారు. వారి విసుగులో అన్యాయమేమీ లేదు. ఇంజనీరు మాత్రం తలవంచరాదు.

అతుకు సంగతి వేరు. దాని లోపలి గట్టితనం తెలియాలంటే కోసి, నునుపుచేసి, సూక్ష్మదర్శినిలో చూడాలి. కోసిన అతుకు ఇక పనికిరాదు! కనుక కొన్నింటిని కోసి చూస్తారు. మిగతావాటికి విద్యుత్ ప్రవాహం, ఒత్తిడి ఆ నమూనాల మాదిరిగానే వున్నాయని నమోదుచేస్తారు. కడ్డీలో నింపిన హీలియం శూన్యపేటికలోకి ఏ కొంచెం కారినా యంత్రం కనిపెడుతుంది. లోపల మిగిలిన తేమ అన్నిటికన్న దొంగ శత్రువు. ఆ తేమలోని హైడ్రోజన్‌ను జిర్కోనియం పీల్చుకొని, నెలల తరువాత లోపలినుంచి పెళుసెక్కి పగులుతుంది.

సరిహద్దు మీద నిలిచిన సరుకు గురించి తీర్పు చెప్పడం అన్నిటికన్న కష్టం. గుళిక సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 10.6 గ్రాములుండాలి. తక్కువైతే రియాక్టరులో గుళిక కుదించుకుపోతుంది. ఎక్కువైతే విచ్ఛిత్తిలో పుట్టే వాయువులకు ఇమిడే చోటుండదు. కొలత గీతకు వెంట్రుకవాసి అవతల పడినప్పుడు, నెలాఖరు లక్ష్యం ముంచుకువస్తున్నప్పుడు, “ఈ మాత్రానికేమిటి?” అనే ప్రశ్న తప్పదు. సమాధానం చెప్పే అధికారం ఇంజనీరుకు కూడా లేదు. సరుకును పక్కన పెట్టి, కారణం వ్రాసి, రూపకర్తల పరిశీలనకు పంపడమే అతని విధి. అతడు ఉత్పత్తి అధికారికి లోబడి వుండరాదన్న నియమానికి మూలమిదే. నా దృష్టిలో, ఎంత ఖరీదైన యంత్రమైనా ఈ నియమానికి సాటిరాదు.

కట్ట మీద ఒక సంఖ్య చెక్కి వుంటుంది. ఆ సంఖ్య పట్టుకొని వెనక్కు నడిస్తే ఏ గొట్టం, ఏ గుళికల రాశి, ఏ రోజు అతుకు, ఎవరి సంతకమన్నది దొరకాలి.

ఎంత జాగ్రత్తపడినా అరుదుగా ఒక కడ్డీ కారుతుంది. అప్పుడు సుమారు 290 డిగ్రీల వేడిలో ప్రవహించే భారజలంలో రేడియోధార్మిక అయొడిన్ పెరిగి ఆ సంగతిని బయటపెడుతుంది. ఈ రియాక్టర్లు పనిచేస్తూండగానే ఇంధనం మార్చగల వీలున్నది కాబట్టి లోపమున్న కట్టను వెతికి తీసివేస్తారు. కొన్ని కట్టలను చల్లబరచిన తరువాత ట్రాంబేలోని భాభా అణు పరిశోధనా కేంద్రంలో, మందపాటి గోడల వెనుక, యంత్రహస్తాలతో కోసి పరిశీలిస్తారు. పగులు అతుకు దగ్గర మొదలైనదా, తేమవల్ల వచ్చినదా అన్నది అక్కడ తేలుతుంది. ఆనాడు హైదరాబాదులో పాత రిజిస్టరు తెరచి, ఆ కట్ట సంఖ్యకెదురుగా వున్న పేజీ తీస్తారు.