ఆఱుచు వెలుగుచు నుండు వెనుక దీపము

మోటారు బండి ముందరి దీపములు వెలుగుచున్నవో లేదో నడుపువానికి వెంటనే తెలియును. వెనుకనుండు ఎఱ్ఱదీపము మాత్రము వానికి కానరాదు. అది వెనుక వచ్చువారి కొఱకే యుంచబడినది. కావుననే అది ఆఱిపోయినను బండిలోనివారు చాల దినములు తెలిసికొనలేరు.

గత వరికోతల కాలమున మా వసతిగృహమునకు బియ్యము తెచ్చుచుండిన పికప్పు బండి రాత్రివేళ నొక వంపునొద్ద వేగము తగ్గించెను. వెనుక వచ్చుచుండిన లారీ తగులబోయి, వెంట్రుకవాసిలో ప్రక్కకు తప్పుకొనెను. "మీ బండికి దీపమే లేదు" అని లారీ నడుపువాడు కేకవేసెను. దిగి చూడగా రెండు దీపములును చక్కగా వెలుగుచుండెను! అంతకు పూర్వము రెండుమాఱులు క్రొత్త బల్బులు వేయించియుంటిమి. ఇట్టి దోషమును కనిపెట్టు పద్ధతిని మా పదవ తరగతి విద్యార్థులతో కలిసి ఆ బండియందే నేర్చుకొంటిమి. దానిని ఇచ్చట వివరింతుము.

మన దేశమున 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములను బట్టి వెనుక ఎఱ్ఱదీపము 155 మీటర్ల దూరమునకు కనబడవలయును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున వచ్చు బండి ఆ దూరమును సుమారు 9 సెకండ్లలో దాటును. దీపము ఆఱినచో వెనుకవానికి ఆ 9 సెకండ్ల హెచ్చరిక లేకుండ పోవును.

విద్యుత్తు బాటరీ యొక్క ధన ధ్రువమున బయలుదేఱి, ఫ్యూజు, స్విచ్చి, తీగ, బల్బు మార్గముగా పోయి, బండి యొక్క యినుప శరీరము ద్వారా ఋణ ధ్రువమును చేరును. ఈ తిరుగు మార్గమునే మెకానిక్కులు 'ఎర్తు' అందురు. పోవు మార్గమును అందఱును పరీక్షింతురు. తిరుగు మార్గమును మఱతురు. పికప్పు బండి తొట్టి క్రింద వాననీరును, బురదయును, కుదుపులును మెండు. అచ్చటి ఎర్తు మరకు త్రుప్పు పట్టినచో, కుదుపునకు ఒకమాఱు తగిలి ఒకమాఱు వీడుచుండును.

విద్యార్థులారా, 1827లో జర్మను శాస్త్రజ్ఞుడగు ఓమ్ ప్రకటించిన సూత్రమును ఇచ్చట ప్రయోగించి చూడుడు. అనేక బండ్లలో ఒకే బల్బునందు రెండు తంతువులుండును: వెనుక దీపమునకు 5 వాట్లది, బ్రేకు దీపమునకు 21 వాట్లది. 12 వోల్టులకు వీని నిరోధములు సుమారు 28.8 ఓములు, 6.9 ఓములు. త్రుప్పు వలన ఎర్తునందు 5 ఓముల నిరోధము కలిగెననుకొనుడు. వెనుక దీపము మాత్రమే వెలుగునప్పుడు దానికి 10 వోల్టులకు పైగా అందును. లోపము కంటికి తోచదు. బ్రేకు నొక్కగానే రెండు తంతువుల ప్రవాహమును ఆ త్రుప్పు గుండనే పోవలసి వచ్చును. అప్పుడు అందునది సుమారు 6 వోల్టులే. తంతువు చల్లబడినకొలది దాని నిరోధము తగ్గును గనుక నిజముగా ఇంకను తక్కువయే అందును. అనగా దీపము మిక్కిలి అవసరమైన క్షణముననే మసకబారును.

ఇక పరీక్షాక్రమము. మొదట, ఏ దీపము ఎప్పుడు ఆఱుచున్నదో వ్రాసికొనుడు. ఒక్కటే ఆఱినచో దోషము ఆ దీపము చెంతనే యుండును. రెండును కలిసి ఆఱినచో ఫ్యూజు, స్విచ్చి, ఉమ్మడి తీగ, ఉమ్మడి ఎర్తు, వీనిని అనుమానింపవలయును. రెండవది, బల్బును తీసి, తంతువు ఊడినదేమో, హోల్డరులో చిలుము పట్టినదేమో చూడుడు. మూడవది, దీపము వెలిగించి, ఒకరు బ్రేకు నొక్కి పట్టియుండగా, హోల్డరు ఎర్తుకొననుండి బాటరీ ఋణ ధ్రువమునకు మల్టీమీటరుతో కొలువుడు. ఎర్తు మంచిదైనచో వోల్టులో ఒకటి రెండు పదవ వంతులకు మించరాదు. నాల్గవది, ఒకరు తీగలను కొంచెము కొంచెముగా కదల్పుచుండగా మఱియొకరు దీపమును చూచుచుండవలయును. ఏ చోట కదల్పగా దీపము అదరునో ఆ చోటనే దోషము.

మా బండికి రెండు దీపములకును ఎర్తు మర యొక్కటే. తొట్టిని ఊపినప్పుడెల్ల మీటరు 5 వోల్టులకు మించి చూపెను. బాటరీ ఋణపు తీగను విప్పి, ఆ మరను ఊడదీసి, ఉప్పుకాగితముతో ఇనుము మెఱయువఱకు రుద్ది, గట్టిగా బిగించి, పైన కొంచెము గ్రీజు పూసితిమి. పిమ్మట మీటరు 0.1 వోల్టు చూపెను. అట్లయిన క్రొత్త బల్బులు వేసినప్పుడు దీపము కొన్నినాళ్లు ఏల వెలిగెను? బల్బు మార్చునప్పుడు చేయి తగిలి, ఎర్తు తీగ కదలి, త్రుప్పునందు క్షణకాలము దారి యేర్పడెను. మేము బాగుచేసితిమని భ్రమపడితిమి. కారణము తెలియక కుదిరిన దోషము కుదిరినట్లు కాదు.

ఒక హెచ్చరిక: ఫ్యూజు మాటిమాటికి కాలుచున్నచో అంతకంటె పెద్దదానిని ఎన్నడును వేయరాదు. ఫ్యూజు నిలిచి తీగ కాలును.

ఇప్పుడు ప్రతి శనివారమును మా విద్యార్థులలో ఒకడు బండి వెనుక నిలుచును. ఒకడు బ్రేకు నొక్కును. ఇద్దఱు తొట్టిని ఊపుదురు. దీనికి రెండు నిమిషములు చాలును. మనకు కనబడని దీపమును పొరుగువాని కొఱకు చక్కగా నుంచుట మన విధియని వారు పుస్తకముకంటె ఈ పనివలననే బాగుగా గ్రహించిరి. మీ యింటి బండి వెనుకకును ఈ సాయంకాలమే వెళ్లి చూడుడు.