స్టోర్స్ అనుభవంతో ఈఆర్‌పీలోకి

మేడ్చల్, శంషాబాద్, పటాన్‌చెరు వైపు గోడౌన్లలో డిగ్రీ చదివి పనిచేస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు. సాఫ్ట్‌వేర్‌కి మారాలనుకోగానే వాళ్లకు ముందు తట్టేది జావా, లేదంటే పైథాన్. అమీర్‌పేటలో కోర్సులో చేరి, అప్పుడే ఇంజినీరింగ్ పూర్తిచేసి వచ్చినవాళ్లతో సున్నా నుంచి పోటీ పడతారు. మీరూ వాళ్లలో ఒకరైతే, ఆ పోటీలో మీ స్టోర్స్ అనుభవం ఎందుకూ పనికిరాదు. దానికి విలువ కట్టే చోటు ఈఆర్‌పీ. కంపెనీ కొనుగోళ్లు, స్టాకు, ఉత్పత్తి, అమ్మకాలు, ఖాతాలు అన్నిటినీ కలిపి నడిపే సాఫ్ట్‌వేర్ అది. పెద్ద కంపెనీల్లో ఎస్‌ఏపీ, ఒరాకిల్, మైక్రోసాఫ్ట్ డైనమిక్స్ కనిపిస్తాయి. చిన్న, మధ్యతరహా సంస్థల్లో ఓడూ, ఈఆర్‌పీనెక్స్ట్ లాంటివి కూడా వాడతారు.

ఈ రంగంలో కోడ్ రాసేవాళ్లు ఒక వర్గం. వ్యాపారం ఎలా నడుస్తుందో తెలుసుకుని, దానికి తగ్గట్టు సాఫ్ట్‌వేర్‌ను అమర్చే ఫంక్షనల్ కన్సల్టెంట్లు మరో వర్గం. ఎస్‌ఏపీలో కొనుగోళ్లు, స్టాకు చూసే మాడ్యూల్ ఎంఎం. గోడౌన్ లోపల ర్యాక్, బిన్ దాకా వెళ్లేది ఈడబ్ల్యూఎం. మీరు చూడాల్సినవి ఈ రెండే.

ఒక లారీ సంగతి చూద్దాం. పర్చేజ్ ఆర్డర్ 100 కార్టన్లకు ఇచ్చారు. వచ్చినవి 100, అందులో 4 తడిసి పాడయ్యాయి. మీరు 96 మాత్రమే దించుకుని, సరుకు అందినట్టు నమోదు చేసే జీఆర్‌ఎన్ కొడతారు. ఎస్‌ఏపీలో అది 101 అనే మూవ్‌మెంట్ టైప్ కింద నమోదవుతుంది. ఆ క్షణంలోనే స్టాకు ఖాతాలో 96 కార్టన్ల విలువ చేరుతుంది. బిల్లు ఇంకా రాలేదు కాబట్టి అంతే మొత్తం జీఆర్‌ఐఆర్ అనే మధ్య ఖాతాలో క్రెడిట్ అయి ఆగుతుంది. తర్వాత సప్లయర్ 100కీ బిల్లు పంపాడనుకోండి. అకౌంట్స్‌వాళ్లు దాన్ని ఎక్కించేటప్పుడు ఆర్డరు, జీఆర్‌ఎన్, బిల్లు మూడింటినీ సిస్టమ్ పోల్చి చూస్తుంది. తేడా హద్దు దాటితే చెల్లింపుకి బ్లాక్ పడుతుంది. హడావుడిలో మీరు 100 అని కొట్టేస్తే మాత్రం డబ్బు మొత్తం వెళ్లిపోతుంది. ఫిజికల్ కౌంట్‌లో 4 తగ్గుతాయి, ఆ లోటుకి జవాబు చెప్పాల్సింది స్టోర్స్. వెంటనే గమనిస్తే 102తో రద్దు చేయొచ్చు, సరుకు సప్లయర్‌కి తిప్పి పంపితే 122 వేస్తారు.

కోర్సులో నేర్చుకున్నవాళ్లు ఈ నంబర్లను బట్టీ పడతారు. లారీ పక్కన నిలబడి డ్రైవర్‌తో డ్యామేజీ రాయించుకున్నవాళ్లకు అవి ఎందుకు అవసరమయ్యాయో తెలుసు. క్లయింట్ ఎదుట కూర్చుని వాళ్ల పనితీరు రాసుకునే రోజున ఆ తేడా బయటపడుతుంది. ఈ రంగంలో మీకున్న అసలు బలం ఇదేనని నా గట్టి నమ్మకం.

స్టోర్స్ నుంచి వచ్చేవాళ్లకు సాధారణంగా తెలియనివి ఖాతాలు. సరుకు కదిలిన ప్రతిసారీ ఏ ఖాతా డెబిట్, ఏది క్రెడిట్ అవుతుందో చెప్పలేకపోతే ఎంఎం ఇంటర్వ్యూలో సగంలోనే ఆగిపోతారు. కాబట్టి ఎస్‌ఏపీ కన్నా ముందు ఇంటర్ కామర్స్ పుస్తకం తెరవండి. ఎక్సెల్‌లో పివట్, వీలుకప్ ఎలాగూ రావాలి.

ఫీజు కట్టకముందే చేయగలిగింది చాలా ఉంది. ఈఆర్‌పీనెక్స్ట్ మన దేశంలో, ముంబయిలో తయారైన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. దాంట్లో ఒక ఊహా కంపెనీ పెట్టి, రెండు గోడౌన్లు, ఇరవై ఐటెమ్‌లు సృష్టించి, ఆర్డరు నుంచి చెల్లింపు దాకా నడిపి చూడండి. ప్రతి ఎంట్రీ తర్వాత లెడ్జర్ తెరిస్తే పుస్తకంలో చదివింది కళ్లముందు కనిపిస్తుంది. ఎస్‌ఏపీ సొంత లెర్నింగ్ సైట్‌లోనూ చాలా పాఠాలు ఉచితం.

అన్నిటికన్నా మంచి బడి మీరిప్పుడు పనిచేస్తున్న చోటే. మీ గోడౌన్‌లో ఈఆర్‌పీ ఉంటే సాధారణంగా ప్రతి విభాగం నుంచి ఒకరిద్దరిని కీ యూజర్లుగా పెట్టుకుంటారు. కొత్త మార్పులు పరీక్షించేది, తోటివాళ్లకు నేర్పేది, ఐటీవాళ్లతో మాట్లాడేది వీళ్లే. ఆ పని అడిగి తీసుకోండి. ఐటెమ్ మాస్టర్ శుభ్రం చేయడం లాంటి ఎవరూ ముట్టుకోని పనులు కూడా మీరే తీసుకోండి. ఎస్‌ఏపీ 2015లో ఎస్/4హనా అనే కొత్త ఈఆర్‌పీ తెచ్చింది; దానికి ముందున్న ఈసీసీకి సాధారణ మద్దతు 2027 చివరితో ఆగిపోతుందని ప్రకటించింది. అందుకే చాలా కంపెనీలు మార్పిడి పనిలో ఉన్నాయి. డేటా సరిచూసేవాళ్లు, టెస్టింగ్ చేసేవాళ్లు అక్కడ తప్పనిసరిగా కావాలి. మీ కంపెనీలో ఆ ప్రాజెక్టు వస్తే వదులుకోవద్దు.

ఒక విషయంలో మాత్రం కచ్చితంగా ఉండండి. ట్రైనింగ్‌తో పాటు రెండు, మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటర్ కూడా ఇస్తామని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి. పీఎఫ్ యూఏఎన్‌లో మీరు ఏ సంస్థలో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పనిచేశారో ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అది చూస్తారు. చేరాక బయటపడినా ఉద్యోగం పోతుంది. పైగా మీకు అబద్ధం అవసరమే లేదు. అదే పీఎఫ్ రికార్డులో మీ గోడౌన్ ఏళ్లు నిజంగా ఉన్నాయి. రెజ్యూమెలో ‘స్టోర్ అసిస్టెంట్’ అని ఒక్క ముక్కతో సరిపెట్టకండి. ఎన్ని రకాల ఐటెమ్‌లు చూశారు, రోజుకు ఎన్ని జీఆర్‌ఎన్‌లు చేశారు, కౌంట్‌లో వచ్చిన తేడాను ఎలా పట్టుకున్నారు అన్నది రాయండి.

మొదట దొరికేది కన్సల్టెంట్ కుర్చీ కాకపోవచ్చు. సపోర్ట్ అనలిస్ట్‌గా టికెట్లు పరిష్కరించే పని, కొన్నిచోట్ల రాత్రి షిఫ్టు, ఇప్పటి జీతానికి దగ్గర్లోనే జీతం ఉండొచ్చు. రెండు, మూడు ప్రాజెక్టులు చేతిలో పడ్డాకే బేరమాడే శక్తి వస్తుంది. ఉద్యోగం మానేసి చదువుతానని మాత్రం అనకండి, ముఖ్యంగా ఇంటి అద్దె, ఈఎంఐ మీ మీదే ఉంటే. షిఫ్టు అయ్యాక చదువుకు రోజుకు గంటన్నర కేటాయించండి. ఉద్యోగం చేస్తూనే దరఖాస్తులు పెట్టండి. మీ నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులో అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఇవాళే చూసి పెట్టుకోండి. ఇంటర్వ్యూలో తప్పకుండా అడిగే ప్రశ్నల్లో అదొకటి.