మధుర నుండి హైదరాబాదునకు: దూరమెంత? కాలమెంత?

మన మంసాపురము నుండి చదువునకో, ఉద్యోగమునకో, బంధుదర్శనమునకో హైదరాబాదు పోవువారు నేడు పలువురు కలరు. మధురలో విమానమెక్కినచో గంటన్నరలో చేరవచ్చునని అందరును చెప్పుదురు. ఈ గంటన్నర ఎట్లు వచ్చినది? అదియే మన ప్రయాణకాలమా? ఈ రెండు ప్రశ్నలను విచారింతము.

మొదట దూరము. మధుర విమానాశ్రయము ఉత్తర అక్షాంశము 9 డిగ్రీల 50 నిమిషములు, తూర్పు రేఖాంశము 78 డిగ్రీల 6 నిమిషముల యొద్ద నున్నది. 2008లో శంషాబాదున ప్రారంభమైన హైదరాబాదు విమానాశ్రయమునకు అక్షాంశము 17 డిగ్రీల 14 నిమిషములు, రేఖాంశము 78 డిగ్రీల 26 నిమిషములు. ఇచట నిమిషమనగా డిగ్రీలో 60వ వంతు. గడియారపు నిమిషము కాదు. రేఖాంశములలో భేదము స్వల్పము గనుక, హైదరాబాదు మధురకు దాదాపు సూటిగా ఉత్తరమున నున్నది. కావున అక్షాంశముల భేదముతోనే దూరము తెలియును.

ఆ భేదము 7 డిగ్రీల 24 నిమిషములు. అనగా 444 నిమిషములు. అక్షాంశమున ఒక్కొక్క నిమిషము ఒక నాటికల్ మైలు, 1.852 కిలోమీటర్లు. గుణించినచో 822 కిలోమీటర్లగును. రేఖాంశభేదమును లెక్కించినను ఒక కిలోమీటరే హెచ్చును. బెంగుళూరు మీదుగా పోవు రోడ్డు సుమారు 1,000 కిలోమీటర్లు.

ఇక కాలము. జెట్ విమానము గంటకు సుమారు 800 కిలోమీటర్ల వేగముతో పోవును. ఆ లెక్కన గంటకు మించి రెండు మూడు నిమిషములు చాలును. కాని నేలపై మెల్లగా సాగుటకును, పైకెగయుటకును, దిగుటకును దాదాపు అరగంట చేర్చవలెను. గంటన్నర వచ్చినది ఇట్లే. గంటకు 500 కిలోమీటర్లు పోవు చిన్న ప్రొపెల్లరు విమానమునకు రెండు గంటలు పట్టును. 1932లో జె.ఆర్.డి. టాటా కరాచీ నుండి బొంబాయికి టపా తెచ్చిన చిన్న విమానము వంటిదైనచో, ఐదు గంటలకు పైగా పట్టియుండును.

అయితే ఇది ఆకాశపు లెక్క మాత్రమే. కొన్నేండ్ల క్రిందట హైదరాబాదులో మా బంధువుల పెద్దావిడ కాలముచేసెను. గంటన్నర ప్రయాణమే గదా యని మేము తాపీగా బయలుదేరితిమి. మధుర చేరునప్పటికి ప్రయాణికులను చేర్చుకొను గడువు దాటెను. మరునాడు పోతిమి, కడసారి చూపు దక్కలేదు. తప్పు విమానముది కాదు, మా లెక్కది.

సరియైన లెక్క ఇది: ఇంటి నుండి మధుర విమానాశ్రయమునకు రెండు గంటలు, అచట తనిఖీలకును, వేచియుండుటకును రెండు గంటలు, ఆకాశమున గంటన్నర, శంషాబాదు నుండి నగరములోనికి ఒక గంట. మొత్తము ఆరున్నర గంటలు. ఇందు నాలుగవ వంతు కూడ ఆకాశమున గడువదు.

విజయనగర రాజుల కాలమున మన పూర్వులు తెలుగునాటి నుండి ఈ సీమకు తరలివచ్చిరి. వారు బండ్లపైనను, కాలినడకను దాటిన దూరమును నేడు మనము ఒక్క పూటలో దాటుచున్నాము. ఇది గొప్ప సౌకర్యమే. కాని లెక్క తెలిసినవారికే అది అక్కరకు వచ్చును.

విద్యార్థులకు ఒక ప్రశ్న: మధుర, చెన్నపట్టణముల నడుమ దూరమును అక్షాంశభేదముతోనే కట్టినచో తప్పు వచ్చును. ఏల? పటమును చూచి చెప్పుడు.